దేవరకొండకు సిమెంటు పూత వద్దు

నందలాల్ బోస్ దగ్గర శాంతినికేతన్‌లో చదువుకున్న కొండపల్లి శేషగిరిరావు దక్కన్ రాతిగుట్టలనే తన చిత్రాలకు వస్తువుగా తీసుకున్నారు. మనం క్వారీ సరుకుగా చూసే గుండ్లలో ఆయన రూపాన్ని, వెలుగును చూశారు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ గ్రానైటును ఒకసారి పేల్చేస్తే ఏ పథకమూ తిరిగి తేలేదు. ఇలాంటి ఏడు గుట్టల నడుమ రేచర్ల పద్మనాయకులు కట్టిన దేవరకొండ కోటను బాగుచేసేవారికి చిత్రకారుడి చూపూ కావాలి, వాస్తుశిల్పి ఒడుపూ కావాలి. పాత గోడ సందుల్లో సిమెంటు కూరితే తేమ బయటికి పోదు. లోపల ఉప్పు పేరుకుని రాయి పొరలు పొరలుగా రాలుతుంది. గానుగలో నూరి, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపిన డంగు సున్నం గోడను ఊపిరి తీసుకోనిస్తుంది.

కోట సంగతి సరే, పేదలకు పక్కా ఇల్లు కావాలి, సున్నం పని ఆలస్యమంటారు కొందరు. ఆ మాటలో న్యాయముంది. కానీ పక్కా అంటే సిమెంటే కానక్కర లేదు. వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో ప్రచారం చేసిన, ఇటుకలను అంచు మీద నిలిపి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్‌ట్రాప్ కట్టుబడికి ఇటుకలు దాదాపు పాతిక శాతం తక్కువ పడతాయి, ఇల్లూ చల్లగా ఉంటుంది. ప్రపంచ కార్బన్ ఉద్గారాల్లో సిమెంటు వాటా సుమారు 8 శాతం. గుట్టలు పేల్చడం ఆపితే క్వారీ కూలీ ఉపాధి పోతుందన్న మాటా నిజమే. రాతిపని, సున్నం పని తెలిసిన మేస్త్రీలకూ ఉపాధి కావాలి కదా! ప్రభుత్వం ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే 5 లక్షల రూపాయల్లో ఈ పద్ధతులకూ చోటివ్వండి, కోట మరమ్మతుల్లో సిమెంటును నిషేధించండి.