సైకిలు మీద శనార్తి

పల్లె బాట మీద ఎదురెదురుగా వచ్చిన రెండు సైకిళ్లు మాటా పలుకూ లేకుండా దాటిపోవడం ఈ ప్రాంతంలో మర్యాద కాదు. ‘శనార్తి’ అని ఒకరు, ‘ఏం బావా, ఎటు పయనం?’ అని మరొకరు అనడం పరిపాటి. చేతులు ఖాళీ లేకుంటే తల ఊపినా సరిపోయేది. మోటారు సైకిళ్లు, ఆటోలు పెరిగాక ఈ అలవాటు సన్నగిల్లింది. కుర్రవాళ్లు పెద్దలను చూసి కూడా పలకరించకుండా పోతున్నారని స్టేషన్ ఘన్‌పూర్ పరిసర గ్రామాల్లో వాపోయేవారున్నారు.

పలకరింపు పోకూడదు. అందులో రెండో మాట లేదు. కాని ముందు ఎవరు పలకరించాలన్న దగ్గరే చిక్కంతా ఉంది. ‘చిన్నవాడు’ అన్నప్పుడు కొందరి మనసులో ఉన్నది వయసు కాదు, కులం.

దొరల పెత్తనం సాగిన రోజుల్లో తెలంగాణ పల్లెల్లో గడి ముందు నుండి పోవలసిన బీదవాడు సైకిలు దిగి, చెప్పులు చేతపట్టి, తల వంచి నడిచేవాడు. గడి దాటాకే మళ్లీ సైకిలెక్కడం. ‘నీ బాంచను కాల్మొక్త’ అన్నది పలకరింపు కాదు, వెట్టిలో ఒక భాగం. ఘన్‌పూర్‌కు దక్షిణాన ఉన్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పొలం, పంట కోసం విసునూరు దేశముఖ్‌ను ఎదిరించింది. ఆ దేశముఖ్ ఏలుబడిలోని కడవెండిలోనే 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాడు. అంత జరిగిన నేల మీద సైకిలు దిగలేదని, ముందుగా దండం పెట్టలేదని ఎవరైనా ముఖం ముడుచుకుంటే అది సిగ్గుపడవలసిన సంగతి.

చట్టం కూడా ఈ విషయం వదిలిపెట్టలేదు. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధానికి 1989లో వచ్చిన చట్టాన్ని 2015లో సవరించారు. ఆ సవరణ 2016 జనవరి 26 నుండి అమలులోకి వచ్చింది. ఆ వర్గాల వారిని బహిరంగ స్థలంలో సైకిలు గాని, మోటారు సైకిలు గాని ఎక్కకుండా, చెప్పులు, కొత్త బట్టలు వేసుకోకుండా అడ్డగిస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు, పైగా జరిమానా. స్వాతంత్ర్యం వచ్చి అరవై ఎనిమిదేళ్లకు పార్లమెంటు సైకిలెక్కడం గురించి రాయవలసి వచ్చిందంటే ఆ అవసరం ఎక్కడి నుండి వచ్చిందో పల్లెవాసులకు వేరే చెప్పనక్కరలేదు.

కనుక ముందుగా ఎవరు చూస్తే వారు పలకరించడం సబబు. పెద్దాయన ముందు పలకరించినంత మాత్రాన పెద్దరికం తరిగిపోదు. వెనుక ఎరువు బస్తా కట్టుకొని, ఎదురుగాలికి రొప్పుతూ తొక్కుతున్నవాడు బదులు చెప్పలేదని తప్పు పట్టడమూ న్యాయం కాదు. ఇక బడికి సైకిళ్ల మీద పోయే ఆడపిల్లల వెంటబడి గంటలు కొట్టే ఆకతాయిలు దాన్ని పలకరింపు అనుకుంటే పొరపాటు. అటువంటివారిని అక్కడికక్కడే మందలించవలసిన బాధ్యత ఆ దారిన పోయే పెద్దలది.

వరంగల్-హైదరాబాద్ జాతీయ రహదారి మీద మాత్రం ఈ ముచ్చట్లన్నీ పక్కన పెట్టాలి. లారీలు దూసుకుపోయే చోట దండం కోసం హ్యాండిలు వదలడం, కబుర్లాడుతూ పక్కపక్కన తొక్కడం ప్రాణాల మీదికి తెస్తుంది. మాట్లాడక తప్పదనుకుంటే ఇద్దరూ తారు దిగి, పక్కన మట్టి మీద నిలబడితే సరి.

పొద్దు గూకే వేళ గాలి పోయిన సైకిలును నెట్టుకుంటూ పోయేవాడు కనిపిస్తే, అతడు తెలిసినవాడా కాదా అని చూడనక్కరలేదు. ఊరికీ ఊరికీ నడుమ పంక్చరు వేసే దుకాణం దొరకదు. ‘ఏమైందన్నా?’ అని ఆగి, పంపు ఉంటే ఇవ్వాలి. లేకపోతే ఊళ్లోకి పోయి దుకాణం అతనికి కబురు చెప్పాలి.