క్రాసింగ్ చేసే పిల్లకు ఏ కోర్సు?
(పాలమూరు చదువులు – 6)



గద్వాల దిక్కు సీడుపత్తి చేలల్లో బడీడు పిల్లలు క్రాసింగ్ చేస్తరు. ఇవాళ ఆడమొక్క మొగ్గ ఒలిచి కేసరాలు తీసేస్తరు. తెల్లారి మగపువ్వు తెచ్చి దానికి రుద్దుతరు. ఇదే పని ఇంటర్ బాటనీ పుస్తకంలో పాఠం. చేలో చేసిన పిల్లకు కూలి, బడి రిజిస్టర్ల గైర్హాజరు. పుస్తకంలో చదివినోనికి మార్కులు.

అందుకే సర్కారు బడుల్లో తొమ్మిది, పదికి ఒకేషనల్ కోర్సులంటే నాకు సంబురమూ ఉంది, అనుమానమూ ఉంది. 2020 జాతీయ విద్యా విధానం దీన్ని పెద్దగా చెప్పింది. మంచిదే. కానీ ఆ కోర్సుల పట్టీలో రిటైల్, బ్యూటీ, సెక్యూరిటీ కనబడ్డప్పుడు ఒక్కటే అడుగుత: కార్పొరేట్ స్కూల్ పిల్లగానికి ఐఐటీ ఫౌండేషన్, మా వాడ పిల్లగానికి గేటుకాడ నిలబడే శిక్షణా?

1953లో మద్రాసులో రాజాజీ సగం పూట బడి, సగం పూట తండ్రి పని అన్నడు. జనం దానికి కులవిద్య అని పేరుపెట్టి కొట్లాడిన్రు. మరుసటేడు కామరాజ్ వచ్చినంక అది పోయింది. అట్లని సాంకేతిక విద్యే వద్దనుకుంటే మనమే మోసపోతం. 1942లో అంబేడ్కర్ వైస్రాయ్‌కి ఇచ్చిన వినతిపత్రంలో మన పిల్లలకు సైన్సు, టెక్నాలజీ చదువులకు స్కాలర్‌షిప్పులు అడిగిండు. తాత చేసిన పనే మనుమనికి నేర్పమని కాదు, మనల్ని రానియ్యని చోటికి దారి తియ్యమని అడిగిండు. వనపర్తిల సంస్థానం రాజు ఉన్న భవనంల పాలిటెక్నిక్ నడుస్తది. ఆ గడప లోపల వెట్టి చేసినోళ్ల మనుమలు డిప్లొమా పట్టుకొని బయటికొస్తే, దాన్ని నేను సాంకేతిక విద్య అంట.

అసలు దెబ్బ కోర్సు పేరు కాడ లేదు, కోర్సు అయిపోయినంక ఉంది. నాగర్‌కర్నూల్ దిక్కు ఒక చెల్లె ఇంటర్‌లో ఎంఎల్‌టీ తీసుకుంది. ఎంసెట్ లాంటి పరీక్షలకు పోవాలంటే బ్రిడ్జి కోర్సు కూడా రాయాలని ఆమెకు కాలేజీల ఎవ్వరూ చెప్పలే. తెలిసేసరికి ఏడాది పోయింది. ఇప్పుడు ఒక ల్యాబ్‌ల రక్తం నమూనాలు తీస్తున్నది. పని చిన్నదని కాదు నా బాధ. ఆమె అక్కడ ఆగాలని ఎవరు తీర్మానం చేసిన్రు?

మార్కులు సరిపోతే ఐటీఐ చదివినోళ్లు ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడుకు పోవచ్చు. డిప్లొమా ఉన్నోళ్లు ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడుకు పోవచ్చు. ఈ మూడు జిల్లాల హాస్టళ్లలో ఎంతమందికి ఈ ముచ్చట ఎరుక?

విద్యార్థి సంఘాల తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పది ఫలితాలు రాంగనే హాస్టళ్లకు పోండి. కరపత్రంల నినాదం ఒక్కటి తగ్గించి బ్రిడ్జి కోర్సు, ఎల్‌పీసెట్, ఈసెట్ గురించి రాయండి. గట్టు, మల్దకల్ చేలకాడికి కూడా పోండి, ఫలితాలు చూసుకోనీకి బడికి రాని పిల్లలు అక్కడున్నరు.