పాత లారీకి పెద్ద డైనమో

లారీలు పెట్టుకున్న మన కుటుంబాలవారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, పాత బండికి పెద్ద డైనమో వేయిస్తే లైట్లు బాగా వెలుగుతాయా?" హోసూరులో ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తూ తల నెరిసినవాణ్ణి కనుక నాకు తెలిసింది చెబుతాను. వెలుగుతాయి. కాని డైనమో ఒక్కటీ మారిస్తే చాలదు.

మనం ఇంకా డైనమో అంటున్నది నిజానికి ఆల్టర్నేటర్. వెనకటి డైనమో ఇంజిను నెమ్మదిగా తిరుగుతుంటే చార్జి ఇచ్చేది కాదు, ఇది ఇస్తుంది. లోపల పుట్టే ఏ.సి. కరెంటును డయోడ్లు డి.సి.గా మారుస్తాయి, రెగ్యులేటరు వోల్టేజిని హద్దులో ఉంచుతుంది. 24 వోల్టుల లారీలో ఇంజిను నడుస్తున్నప్పుడు మీటరు సుమారు 28 వోల్టులు చూపాలి.

ముందు లెక్క వేసుకోండి. 70 వాట్ల హెడ్‌లైట్లు రెండింటికి దాదాపు 6 ఆంపియర్లు. అలాంటివే మరో నాలుగు తగిలిస్తే ఇంకో 12. వైపరు, ఫ్యాను, పాటల పెట్టె, సెల్‌ఫోను చార్జరు వేరే. వీటిపైన బ్యాటరీలు తిరిగి నిండాలి. 35 ఆంపియర్ల పాతది రాత్రంతా రొప్పుతూనే ఉంటుంది.

కనుక 65 ఆంపియర్లది వేయిస్తారు. చిక్కు అక్కడే. పాత వైరు పాత కరెంటుకు సరిపడేదే. పెద్ద లోడు పడితే అది కాగుతుంది, తొడుగు కరుగుతుంది. ఆంపియరు మీటరున్న పాత బండ్లలో ఆ కరెంటు క్యాబిన్ లోపలికి వచ్చి వెళుతుంది.

మా మేనల్లుడి బండికి జరిగింది ఇదే. ఒక షాపులో పెద్దది బిగించి, నాలుగు మీటర్ల వైరు ఖర్చు మిగిల్చారు. తొప్పూరు ఘాటు దిగుతుండగా కాలిన వాసన, పొగ, ఒక్కసారిగా చీకటి. ముందు పోయే బండి వెనక లైట్లు చూసుకుంటూ డ్రైవరు పక్కకు తీశాడు. క్లీనరు కుర్రాడు దూకి చక్రానికి రాయి పెట్టాడు. ఇద్దరూ బతికారు.

అందుకని, డైనమో నుంచి బ్యాటరీకి కొత్తగా లావు వైరు లాగించండి. బ్యాటరీ దగ్గరే తగిన ఫ్యూజు ఉండాలి. ఇంజినుకు, ఛాసిస్‌కు మధ్య ఎర్తు పట్టీ తుప్పు గీకి బిగించాలి. బెల్టును బొటనవేలితో నొక్కితే అరంగుళం వరకు దిగాలి. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీయకూడదు, డయోడ్లు పోతాయి. ఇంకో మాట, ఎంత పెద్ద డైనమో అయినా చచ్చిన బ్యాటరీకి ప్రాణం పోయదు.

ఇంటి లెక్కలు చూసే అక్కచెల్లెళ్లకు ఒక మనవి. మెకానిక్ చీటీలో "వైరు" అన్న పద్దు కనిపిస్తే బేరం ఆడకండి. కనిపించకపోతేనే ఎందుకు లేదని అడగండి. ఆ బండిలో వెళ్లేది మన ఇంటివాళ్లో, మనల్ని నమ్ముకున్న డ్రైవరో.