వెనుదిరిగిన ప్రయాణములు

విహారసంఘములవారు సంవత్సరాంతమునఁ బ్రకటించు నివేదికలలో నెక్కిన కొండలును, పడవ నడపిన యేఱులును లెక్కింపఁబడుచుండును. మానుకొనిన ప్రయాణములను గూడ నందుఁ జేర్పవలెనని నా యభిప్రాయము.

2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలు చూడఁబోయిన యాత్రికుల పడవ కచ్చులూరుకడ గోదావరి వఱదలో మునిఁగి పెక్కండ్రు మరణించిరి. అచ్చట నది కొండల నడుమ నిఱుకై సుడులతోఁ బాఱును. 2018 మార్చి 11వ తేదీన తమిళనాట తేని జిల్లాలోని కురంగణి కొండలలో నడువఁబోయినవారిని గార్చిచ్చు చుట్టుముట్టెను, పలువురు దగ్ధులైరి. ఎండుగడ్డి యంటుకొన్నచో వాలు మీఁదికి మంట మనుష్యునికంటె వడిగాఁ బ్రాకును.

పిల్లల నింటనే కూర్చుండఁబెట్టుఁడని తల్లిదండ్రులకుఁ జెప్పుట లేదు. నడువని కాళ్లకు భూగోళశాస్త్ర మెట్లు వచ్చును? కాని యీఁత నేర్చిన పిదపనే తెడ్డు పట్టవలెను. ఈఁత వచ్చినవాఁడైనను లైఫ్ జాకెట్టును గట్టుమీఁదనే తొడిగికొనవలెను. పడవ మూలఁ బడియున్న జాకెట్టు ఎవ్వరిని దేల్చును? నడకలో నందఱికంటె మెల్లగా నడుచు బాలుని బట్టియే దూరము నిర్ణయింపవలెను.

మబ్బు చూచి గుంపును మరలించిన నాయకుని బిఱికివాఁడని పరిహసించువా రున్నారు. అట్లు మరలిన దినము లెన్నియో, యేల మరలిరో నివేదికలో రెండు పంక్తులు వ్రాసినఁ జాలును.