అరిగిన దవడపళ్ళు జివ్వుమంటే...

ఇఫ్తార్ వేళ చల్లని షర్బత్ గుక్క నోట పడగానే వెనుక దవడపళ్ళు జివ్వుమంటున్నాయా? పుచ్చు లేకపోయినా ఇలా జరగవచ్చు. పంటిపైనున్న ఎనామిల్ పొర అరిగితే లోపలి డెంటిన్ బయటపడుతుంది. చల్లదనానికి, పులుపుకు అందులోని సన్నని నాళికల్లో ద్రవం కదిలి నరాన్ని రేపుతుంది. అరిగిన ఎనామిల్ తిరిగి పెరగదు.

అయినా, జివ్వుమనగానే ఉప్పో, బొగ్గుపొడో పెట్టి ఇంకా గట్టిగా రుద్దేవారున్నారు. ఇది పుండుమీద కారం చల్లుకోవడమే. మిస్వాక్ సున్నత్, దాని కొనను నానబెట్టి, నమిలి కుంచెలా మెత్తబరచి, సున్నితంగా వాడాలి. బలం చూపడం సున్నత్ కాదు.

పొటాషియం నైట్రేట్ ఉన్న టూత్‌పేస్టును మెత్తని బ్రష్‌తో రోజుకు 2 సార్లు వాడండి. గుణం కనిపించడానికి 2 నుండి 4 వారాలు పడుతుంది. నాలుగు రోజులకే విసుగు చెందవద్దు. రమజాన్‌లో రాత్రి పడుకునే ముందు, సహరీ ముగిశాక ఫజ్ర్ సమయం రాకమునుపే పళ్ళు తోముకోవచ్చు. నిమ్మరసం, చింతపండు తీసుకున్న వెంటనే మాత్రం వద్దు. నీటితో పుక్కిలించి అరగంట ఆగాలి.

పళ్ళు చదునుగా అరిగి, ఉదయం దవడలు బిగుసుకుపోతుంటే, నిద్రలో పళ్ళు కొరుకుతున్నారేమో ఇంటివారిని అడగండి. అట్టివారికి పేస్టు చాలదు, దంతవైద్యుడు కొలత తీసి ఇచ్చే నైట్‌గార్డ్ అవసరం. బాగా అరిగిన పంటికి ఫిల్లింగ్ గానీ, క్యాప్ గానీ వేస్తారు. చల్లదనం పోయాక కూడా పోటు నిలిచి ఉన్నా, వేడికి నొప్పి పుట్టినా, నిద్రలోంచి లేపినా నరం దెబ్బతిని ఉండవచ్చు. పండుగ దాటనిద్దామని ఆగకండి. ఆ వారంలోనే చూపించుకోండి.