ఎర్ర పెన్ను పక్కన పెట్టి

అమెరికా యూనివర్సిటీల్లో, విద్యార్థుల రాతకు సాయపడే రైటింగ్ సెంటర్లుంటాయి. చాలాచోట్ల అక్కడ తోటి విద్యార్థులే ట్యూటర్లు. వాళ్లకు మొదట నేర్పే పాఠాల్లో ఒకటి, ఎర్ర పెన్ను ముట్టుకోకపోవడం. వ్యాసాన్ని రాసినవాళ్ల చేతే పైకి చదివిస్తారు. నాలుక తడబడిన చోట వాక్యం కుదరలేదని ఎవరూ చెప్పక్కర్లేదు. ‘ఇక్కడ అసలేం చెప్పాలనుకున్నావ్?’ అని అడిగితే, కాగితం మీద లేని మాట నోట్లోంచి వస్తుంది. ‘ఇప్పుడన్నావే, అది రాసెయ్’ అంటారు. కామాలు, స్పెల్లింగులు ఆఖర్న. వ్యాసం కన్నా ముందు బాగుపడాల్సింది రాసే మనిషేనని, ఈ సెంటర్ల గురించి రాస్తూ స్టీఫెన్ నార్త్ అనే ప్రొఫెసర్ 1984లోనే వాదించాడు. ఎమ్మెస్‌కి వెళ్లిన మన పిల్లలు కొందరు, రైటింగ్ సెంటరంటే ఇంగ్లిష్ రానివాళ్లు వెళ్లే చోటనుకుని అటు తొంగి చూడరు. నాకు బాధ అదే. గైడు బట్టీపట్టి, అడిషనల్ షీట్లు నింపి పెరిగిన చదువు మనది. చిత్తుప్రతిని ఇంకొకరికి చూపించడమంటేనే నామోషీ. ఆ బెరుకు ఇక్కడే, ఇంటర్‌లోనే పోవాలి. వారానికి ఒక్క పీరియడైనా సీనియర్లు జూనియర్ల పక్కన కూర్చుని, తెలుగైనా ఇంగ్లిషైనా, వాళ్లు రాసింది వాళ్ల చేతే చదివించాలి. ఒక బల్ల, రెండు కుర్చీలు చాలు. ఆ పీరియడ్‌కి మార్కులు మాత్రం పెట్టొద్దు.