టర్బో బిగించుకోవడమా, టర్బో బండే కొనుక్కోవడమా?

మామూలు మోడల్ కారు కొని, తర్వాత దానికి బయట గ్యారేజీలో టర్బో బిగించుకోవడం దండగ పని అని నా అభిప్రాయం. అంత వేగం కావాలంటే కంపెనీవాళ్లే టర్బో పెట్టి అమ్మే బండి కొనుక్కోవాలి. అంత డబ్బు లేకపోతే ఉన్న బండితోనే తిరగాలి. వంటింట్లో ఉండే మనిషికి ఇంజిన్ల గొడవ ఎందుకని మీరు అడగొచ్చు. రెండు నెలలుగా మా ఇంట్లో భోజనాల దగ్గర నడుస్తున్న చర్చంతా ఇదే మరి. చారుకు తాలింపు పెడుతూనే టార్క్ అంటే ఏమిటో నేర్చుకున్నాను.

మావాడిది బెంగళూరులో ఉద్యోగం. ఆమధ్య సెల్టోస్ మామూలు పెట్రోలు బండి కొన్నాడు. మనసంతా టర్బో మోడల్ మీదే ఉండింది కానీ, ఫ్లాటు లోను కంతులు అప్పుడే మొదలయ్యాయని తగ్గాడు. పదిహేను రోజులకొకసారి శుక్రవారం రాత్రి కోడలినీ, నాలుగేళ్ల మనవరాలినీ ఎక్కించుకుని అనంతపురం వస్తాడు. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, నలభై నాలుగో నంబరు హైవే. లారీలను దాటేటప్పుడు బండి మూలుగుతోందని వాడి బాధ. బెంగళూరులో ఒక గ్యారేజీవాళ్లు రెండున్నర లక్షలకు టర్బో కిట్టు బిగిస్తామన్నారట. "బండి మార్చాలంటే అయిదారు లక్షలు పడుతుందమ్మా, ఇదైతే సగంలో పనైపోతుంది" అంటాడు.

ఈ సగం లెక్క దగ్గరే నాకు పేచీ.

ఆ బండి మన దగ్గర పుట్టిందే. పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీకి 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిపోయింది కానీ, మాకు మాత్రం అదింకా అనంతపురం ఫ్యాక్టరీయే. తాగడానికే నీళ్లు లేని సీమలో కార్ల ఫ్యాక్టరీ ఏమిటని అప్పట్లో నవ్వినవాళ్లున్నారు. హంద్రీ-నీవా నీళ్లను గొల్లపల్లి రిజర్వాయరులో నింపి ఫ్యాక్టరీకి ఇచ్చారు. సరే, ఆ సంగతి ఇంకోసారి.

మావాడు తెచ్చిన కాగితాలన్నీ చదివాక నాకు అర్థమైంది ఇది. ఒకే ఫ్యాక్టరీలో, చూడ్డానికి ఒకే రకంగా తయారయ్యే ఆ రెండు బళ్ల మధ్య తేడా ఒక్క టర్బో కాదు. రెండిటి మీదా 1.5 లీటర్లనే రాసి ఉంటుంది. మామూలు దానిది 1497 సీసీ ఇంజిన్, 2023లో వచ్చిన టర్బోది 1482 సీసీ. అంటే ఇంజిన్లే వేరు. మొదటిది 115 పీఎస్ శక్తి, 144 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. రెండోది 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు. చక్రాలను తిప్పే బలం ముప్పాతిక వంతు ఎక్కువన్నమాట. పెట్రోలు పోసే పద్ధతి కూడా వేరే. టర్బో ఇంజిన్‌లో అది నేరుగా సిలిండర్లోకే చిమ్ముతుంది, మామూలు దాంట్లో గాలి లోపలికి వెళ్లే దారిలో చిమ్ముతుంది.

టర్బో చేసే పని కట్టెల పొయ్యి ఊదినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఊదుగొట్టంతో ఊదితే మంట లేస్తుంది, కట్టె కూడా త్వరగా కాలుతుంది. ఇక్కడ ఊదేది పొగగొట్టంలోంచి బయటికి పోయే వేడి పొగ. అది ఒక చిన్న చక్రాన్ని నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిప్పుతుంది. ఆ చక్రానికి రెండో కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోస్తుంది. సూపర్‌చార్జర్ అని ఇంకొకటి ఉంది, దాన్ని ఇంజినే బెల్టుతో తిప్పుతుంది. ఏదైనా సరే గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. ఆ వేడిని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ కావాలి. లేకపోతే పెట్రోలు సమయం కాని సమయంలో అంటుకుని ఇంజిన్ లోపల సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. బయట నలభై రెండు డిగ్రీలుండే మన మే నెలలో ఇది చిన్న విషయం కాదు.

పొయ్యి మంట పెంచితే గిన్నె కూడా మందంగా ఉండాలి కదా. టర్బో కోసమే తయారుచేసిన ఇంజిన్‌లో పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, బేరింగులు ఆ ఒత్తిడికి తగ్గట్టు చేస్తారు. లోపల ఇంధనాన్ని ఎంత బిగువుగా ఒత్తాలో ఆ లెక్క కూడా మామూలుగా తగ్గించి పెడతారు. క్లచ్, గేర్‌బాక్స్, రేడియేటరు, బ్రేకులు అన్నీ దానికి సరిపోయేలా చూసుకుంటారు. ఆ తర్వాత ఎండలోనూ చలిలోనూ వేల కిలోమీటర్లు తోలి పరీక్షిస్తారు. ఆ అయిదారు లక్షల్లో చాలా భాగం మన కంటికి కనపడని వీటికే పోతుంది. రెండున్నర లక్షల కిట్టులో వచ్చేది ఊదుగొట్టం మాత్రమే.

మా వైపు వాళ్లకు ఇది బోరు మోటార్ల భాషలో చెబితే ఇట్టే అర్థమవుతుంది. మా మామగారి ఊళ్లో పక్క తోటాయన బోరుకు ఒకటిన్నర ఇంచు నీళ్లు పడ్డాయి. అయిదు హార్స్‌పవర్ మోటారుతో చీనీ చెట్లకు నిదానంగా పారేవి. చెట్లు పెద్దవయ్యాయి, నీళ్లు చాలలేదు. ఆయన ఏడున్నర మోటారు దించాడు. రెండు రోజులు నీళ్లు ధారగా దుమికాయి. చూసి మా మామగారికి కూడా ఆశ పుట్టింది. మూడో రోజు నుంచి బోరు గాలి కొట్టడం మొదలుపెట్టింది. భూమిలో ఊరేది ఒకటిన్నర ఇంచే అయితే మోటారు మూడించులు ఎక్కడి నుంచి తెస్తుంది? నీళ్లు లేకుండా తిరిగి వైండింగు కాలిపోయింది. అయిదు హార్స్‌పవర్‌కు వేసిన కేబులు చెయ్యి పెడితే అంటుకునేంత వేడెక్కింది. మోటారు మళ్లీ చుట్టించి దించారు. ఈసారి ట్రాన్స్‌ఫార్మరే పోయింది. అది ఆ వరుసలోని తోటలన్నిటికీ ఒక్కటే. కొత్తది వచ్చేదాకా పన్నెండు రోజులు అందరి చెట్లూ ఎండాయి. ఆయన మీద ఎవరూ కేకలేయలేదు కానీ, పలకరింపులు తగ్గాయి.

ఈ కథ ఎత్తితే మావాడు, "బోరు వేరు, ఇంజిన్ వేరమ్మా, గాలి ఎంత కావాలంటే అంత దొరుకుతుంది" అన్నాడు. నిజమే, గాలికి కరువు లేదు. కేబులు సంగతి చెప్పరా అంటే పెరుగన్నంలో ఊరగాయ వెతుక్కున్నాడు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. గ్యాసు కిట్టు పెట్టుకోవడం లేదా అని మావాడి ప్రశ్న. ఆమోదం పొందిన గ్యాసు కిట్టుకు చట్టమే దారి ఇచ్చింది, దాన్ని ఆర్సీలో ఎక్కిస్తారు. గ్యారేజీవాళ్ల టర్బోను ఎక్కడ ఎక్కిస్తారు? అయిదు వేలు కట్టగలం, అది నా భయం కాదు. ఇన్సూరెన్సువాళ్లకు చెప్పకుండా ఇంజిన్ మార్చారని తేలితే క్లెయిము తోసేయొచ్చు. మరూరు టోల్‌గేటు దాటాక అర్ధరాత్రి ఏదైనా జరిగితే, వెనక సీట్లో నా మనవరాలు నిద్రపోతూ ఉంటుంది. ఆ రాత్రి సర్వేయరు బానెట్ ఎత్తి ఏం చూస్తాడన్నది నాకు ముఖ్యం.

మా ఆయనది ఇంకో వాదం. "వాడి సంపాదన, వాడి ఇష్టం. వయసులో ఆ సరదా లేకపోతే ఎట్లా?" సరదాను నేను కాదనను. ఒంటరి కుర్రవాడు, పాత బండొకటి కొనుక్కుని, దాన్ని విప్పి బిగించి, కోయంబత్తూరు దగ్గరి కరి ట్రాకు మీదో, చెన్నై ట్రాకు మీదో తోలుకుంటానంటే నేనే పులిహోర కట్టిచ్చి పంపుతాను. అలా చేతులకు గ్రీజు పూసుకుని నేర్చుకున్నవాళ్లే మంచి మెకానిక్కులవుతారు కూడా. చేతిపని తెలిసిన గ్యారేజీలు లేవని కాదు. కానీ పిల్లను బడికి దింపేదీ, నన్ను ఆసుపత్రికి తీసుకుపోయేదీ, ఇల్లంతటికీ ఉన్నదీ ఆ ఒక్క బండే. దాని మీద ప్రయోగం ఒకడి సరదా ఎట్లా అవుతుంది? కోడలి జీతం కూడా ఆ కంతుల్లో ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. నేను అడిగితే, "అత్తమ్మా, నాకు లారీ వెనక పది నిమిషాలు నిదానంగా పోవడమే హాయి" అంది.

అసలు మూలిగేది బండేనా అన్నది కూడా చూడాలి. లారీని దాటేటప్పుడు ఒక గేరు కిందికి దించమని మా మరిది చెప్పాడు. ఆయన ఇరవై ఏళ్లు టెంపో తోలినవాడు. మొన్న వాడి పక్కన కూర్చుని పెనుకొండ దాకా పోయొచ్చి, "అయిదో గేరులోనే తొక్కుతాండాడు వదినా, అది మూలగక ఏం చేస్తాది?" అన్నాడు. మూడో గేరుకు దించితే బాగానే లాగిందట. ఈ వైద్యానికి ఖర్చేమీ కాలేదు.

అయినా మావాడి మనసు టర్బో మీదే ఉంటే, దానికీ దారుంది. రెండు మూడేళ్లు తిరిగిన టర్బో బళ్లు పాతవాటిలో దొరుకుతున్నాయి. ఆయిలు ఎప్పుడెప్పుడు మార్చారో సర్వీసు కాగితాల్లో చూసుకోవాలి. ఆ చిన్న చక్రం తిరిగేది ఆ ఆయిలు మీదే. మావాడి బండికి ఎక్స్ఛేంజిలో ఎంత ఇస్తారో, పైన ఎంత పడుతుందో ఈ ఆదివారం కనుక్కుని రమ్మన్నాను. రెండున్నర లక్షల లోపల తేలితే నా చీటీ డబ్బులోంచి కొంత ఇస్తానని కూడా చెప్పాను. ఆ మాటకు మా ఆయన పేపరు దించి నా వైపు చూశారు. చీటీ సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదు.